పదో ఘట్టానికి అనుమతి

మా ఆయన నాకు పెళ్లి కానుకగా ఒక పులిని, ఒక జలపాతాన్ని, మూడు వందల అడుగుల లోయను, రుద్రపాలుడనే దుర్మార్గుడిని ఇచ్చాడు. అన్నీ నా ఫోనులో పట్టాయి.

ఇంకెవరైనా అయితే గొలుసు చేయించేవారు. శ్రీవత్స గేములు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో పనిచేస్తాడు కాబట్టి గేమ్ తయారుచేశాడు. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఆరు నెలలు ముహూర్తాలు లేకపోవడం మా పెద్దవాళ్లకు దిగులు, నాకు అదృష్టం. ఆ ఆరు నెలలూ ఆఫీసు పని అయ్యాక కూర్చుని, నా ఒక్కదాని కోసం ఒక నవలను గేమ్‌గా మార్చాడు.

ఆ నవల పేరు ‘ఏడు మలుపుల ఏరు’. తొమ్మిదో తరగతి సెలవుల్లో మా వీధిలో పుస్తకాలు అద్దెకిచ్చే షాపులో దొరికింది. చంపక, వాసవుడు కొత్త దంపతులు. చంపక తాతగారు దాచిన పెట్టె కోసం ఏటి వెంబడి అడవిలోకి వెళతారు. మొత్తం పది ఘట్టాలు. నేను తొమ్మిదిన్నర చదివాను. ‘చంపక వణికే చేతులతో పెట్టె మూత ఎత్తింది. లోపల’ అన్నచోట పుస్తకం అయిపోయింది. మిగిలిన పేజీ నాకంటే ముందు చదివిన మహానుభావులెవరో చింపుకుపోయారు. షాపాయన్ని అడిగితే, “నగలే ఉంటాయమ్మా, ఇంకేముంటాయి” అన్నాడు. పదకొండేళ్లుగా ఆ పెట్టె మూత నా బుర్రలో సగం ఎత్తి ఉంది.

శ్రీవత్స ఎక్కడో పాతపుస్తకాల కొట్టులో పూర్తి ప్రతి సంపాదించాడు. ముగింపు చెప్పనా అన్నాడు. వద్దన్నాను. పోనీ చదువుతావా అన్నాడు. అదీ వద్దన్నాను. గేమ్‌లో నా వేలితో నేనే ఆ మూత ఎత్తుతాను, నువ్వు పక్కన కూర్చో అన్నాను.

“నాకు కావలసిందీ అదే. మూత ఎత్తినప్పుడు నీ మొహం చూడాలి. ఆరు నెలలూ దాని కోసమే గీశాను” అన్నాడు.

పెళ్లయిన పదకొండో రోజున అలాంటి మాట వింటే మనిషి ఉప్మాలో రెండుసార్లు ఉప్పు వేస్తుంది. వేశాను. ఇద్దరం మొత్తం తినేశాం.

నాలుగు రోజుల్లో తొమ్మిది ఘట్టాలు గెలిచాను. పదోది తెరవబోతే తాళంకప్ప బొమ్మ వచ్చింది. దాని కింద ‘అనుమతి పెండింగులో ఉన్నది’ అని రాసి ఉంది.

“ఎవరి అనుమతి?”

“మండలిది. అప్లై చేశాను” అన్నాడు శ్రీవత్స, గ్యాస్ బుక్ చేశాను అన్నంత మామూలుగా.

పెళ్లిచూపులప్పుడు మావాళ్లు అబ్బాయి తాగుతాడా, పేకాడతాడా అని నాలుగు వీధుల్లో ఆరా తీశారు. రూల్సు పాటిస్తాడా అని మాత్రం ఎవరూ అడగలేదు. పురుగు కూడా తిరగని రోడ్డు మీద ఎర్రలైటు చూసి ఆగి, పచ్చలైటు వచ్చాక కూడా అటూ ఇటూ చూసి బండి కదిలించే మనిషి ఈయన.

మండలి అంటే సాహస కథా రూపాంతరాల యథార్థతా మండలి. అది ఎందుకు పుట్టిందో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక సినిమాలో హీరో మొసలి వీపు మీద నిలబడి ఏరు దాటాడు. అది చూసిన ఒక ప్రేక్షకుడు జంతు ప్రదర్శనశాలకు వెళ్లి ప్రయత్నించాడు. మొసలి సహకరించలేదు. ఆయన ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు మీద కమిటీ, కమిటీ మీద ఉపకమిటీ, ఆఖరికి నిబంధన వచ్చాయి. సాహస నవలను సినిమాగా, నాటకంగా, గేమ్‌గా, బుర్రకథగా, బొమ్మల కొలువుగా, మరే ఇతర రూపంగా మార్చినా సరే, అందులోని ప్రతి సాహసాన్నీ మండలి ముందుగా చేయించి చూసి, చేయదగినదేనని తేల్చాలి. అప్పటిదాకా ముగింపు ఎవరికీ చూపకూడదు. ముగింపు తెలియనిదే ఎవరూ అడవుల వెంట పడరని మండలి నమ్మకం.

మర్నాడే ఇద్దరం మండలి కార్యాలయానికి వెళ్లాం. అక్కడ సభ్య కార్యదర్శి పద్మనాభం గారు ఫైలులో రాసినట్టే మాట్లాడే మనిషి. ఆయన పక్కన సూపరింటెండెంట్ మంగతాయారు గారు మా నవల ముందు పెట్టుకుని కూర్చున్నారు. నవలలోని ప్రతి పేజీకీ గెజిటెడ్ అధికారి సంతకం చేయించి ఉంది. మా ఆయన ఆ పని ఎప్పుడు చేశాడో ఇప్పటికీ చెప్పలేదు.

“అర్జీదారుడు శ్రీవత్స మీరేనా? వెంట వచ్చినవారు?” అన్నారు పద్మనాభం గారు.

“నా భార్యండి. వకుళ.”

“వీక్షకుల సంఖ్య అన్న గడిలో ఒకటి వేశారు. సున్నాలు మరిచినట్టున్నారు.”

“లేదండి. ఒక్కరే. ఈవిడే.”

“ఒకటి నుంచి లక్ష దాకా మాకు ఒకే తరగతి. ఒక్కరైనా పౌరులే కదా. రేపు ఈ అమ్మాయి ఆ ప్రేరణతో లోయలోకి దూకితే ఎవరు బాధ్యులు?”

“నేను దూకనండి” అన్నాను.

“ఆ మేరకు ప్రమాణపత్రం ఇవ్వవచ్చు. కానీ దూకగలరా, లేదా అన్నది మేం తేల్చాలి. మండలి ఊహకు వ్యతిరేకం కాదమ్మా. ధ్రువీకరించిన ఊహ కావాలంటోంది, అంతే.”

ఈలోగా మంగతాయారు గారు చివరి పేజీకి వచ్చారు. “సార్, పదో ఘట్టంలో పెట్టె తెరిచేసరికి” అని మొదలుపెట్టారు.

నేను రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పదిహేడో ఎక్కం అందుకున్నాను. నూట డెబ్బై దాకా వచ్చి కళ్లు తెరిచేసరికి మంగతాయారు గారు ఫైలులో రాస్తున్నారు: ‘అర్జీదారుని భార్య చెవులు మూసుకొని ఎక్కాలు చదివినది. కారణం తెలియదు.’

శ్రీవత్స కారణం చెప్పాడు. పద్మనాభం గారు అంతా విని, “రహస్యం పాటించడానికి మాకేమీ ఇబ్బంది లేదు. ఈ కార్యాలయంలో ఏ విషయమూ ఎవరికీ తెలియదు” అని అభయమిచ్చారు. తర్వాత నుదురు రుద్దుకున్నారు. “అసలు చిక్కు వేరే ఉంది. సాహసం చేసేవారు నూతన దంపతులని మూలంలో స్పష్టంగా ఉంది. మన సిబ్బందిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు సార్. రికార్డు సెక్షన్ రాంబాబుకి సంబంధం కుదిరింది గానీ, ముహూర్తం మాఘమాసంలో” అన్నారు మంగతాయారు గారు.

“బయటినుంచి పిలవాలంటే టెండరు వేయాలి. కొత్త దంపతులకు టెండరు వేసి, అది ఖరారయ్యేసరికి వాళ్లు పాతవాళ్లవుతారు.”

 ఇద్దరూ కలిసి మా వైపు చూశారు.

“మీకు పెళ్లయి ఎన్నాళ్లయింది?”

“పదహారు రోజులండి.”

“శుభలేఖ రెండు ప్రతులు జతపరచండి.”

శ్రీవత్స మొహం వాడింది. నేను మాత్రం బల్ల కింద కాళ్లు ఊపుకున్నాను. పెళ్లయ్యాక మేమింకా ఎక్కడికీ వెళ్లలేదు, ఆయనకు సెలవు దొరకలేదు. ప్రభుత్వ విధి అని కాగితం వస్తే ఏ కంపెనీ అయినా వదలక తప్పదు.

అలా మా హనీమూన్ మారేడుమిల్లి దాటాక, అడవిలో, మండలి జీపులో మొదలైంది.

దుర్మార్గుడిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. పేరు కొండబాబు. దసరాకి పులివేషం కట్టే మనిషి. ఆరడుగుల ఎత్తు, ఎత్తుకు తగిన మీసం, గొంతు మాత్రం పెళ్లిలో ‘వడ్డించమంటారా’ అని అడిగే గొంతు. మొదటిరోజు నన్ను బెదిరించాల్సి ఉంది. నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని, “అమ్మాయిగారూ, కాఫీ తాగేరాండి? అయితే బెదిరించేస్తానండి” అన్నాడు.

నాలుగో ఘట్టంలో పులి ఉంది. పులి కోసం మండలి అటవీ శాఖకు లేఖ రాసింది. పులులను డిప్యుటేషన్ మీద పంపే పద్ధతి లేదని జవాబొచ్చింది. దాంతో కొండబాబుకే పులిగా కూడా అదనపు బాధ్యతలు అప్పగించారు. పసుపు రంగు, నల్లచారలు, వెదురు తోక, అన్నీ అతని సొంతమే.

నవలలో పులి పొదలోంచి వస్తుంది. చంపక దాని కళ్లలోకి సూటిగా చూస్తుంది. పులి తలదించుకుని వెళ్లిపోతుంది. నేను దారి మధ్య నిలబడ్డాను. మంగతాయారు గారు గడియారం చూసుకున్నారు. పొద కదిలింది. పులి రాలేదు.

“ఆలస్యమెందుకు? రావయ్యా” అన్నారు పద్మనాభం గారు.

పొదలోంచి, “డప్పేదండి?” అని వినిపించింది.

“డప్పెందుకు?”

“డప్పు లేకపోతే పులికి అడుగు పడదండి. మా తాత దగ్గర్నుంచీ అంతేనండి.”

మంగతాయారు గారు పేజీలు తిప్పి, “మూలంలో డప్పు లేదు సార్” అన్నారు.

“పులి ఉందా?”

“ఉంది సార్.”

“పులి ఉన్నప్పుడు దాని నడకకు అవసరమైనవన్నీ ఉన్నట్టే భావించాలి. తెప్పించండి.”

మర్నాడు రంపచోడవరం నుంచి ఇద్దరు డప్పులవాళ్లు వచ్చారు. దెబ్బ పడిందో లేదో పొద విచ్చుకుని పులి వచ్చింది. వచ్చిందంటే ఏం రావడం, నాలుగడుగులు ముందుకు, రెండు వెనక్కి, ఒక గిరికీ, వంగి నేలమీది నిమ్మకాయను పళ్లతో అందుకోవడం. నేను సూటిగా చూడాలని ఎంత ప్రయత్నించినా నవ్వాగలేదు. నన్ను చూసి పులికీ నవ్వొచ్చింది. చెంపల మీద రంగు పగిలింది. తర్వాత బుద్ధిగా తలదించుకుని పొదలోకి వెళ్లిపోయింది.

పరిశీలన నివేదికలో మంగతాయారు గారు ఇలా రాశారు: ‘పులి సాధ్యమే. అది వచ్చుటకు ముందు డప్పు వినిపించును. కావున పౌరులకు తప్పించుకొనుటకు తగిన వ్యవధి ఉండును.’

ఆరో ఘట్టంలో దుర్మార్గుడు మా ఇద్దరినీ ఒకరి వీపుకి ఒకరి వీపు ఆనించి మద్దిచెట్టుకు కట్టేస్తాడు. మేం తాడును రాతికి రాకి తెంపుకుని పారిపోవాలి. కొండబాబు కొబ్బరితాడు చుడుతూ, “బిగువైతే చెప్పండి, ఒదులు చేస్తాను” అంటూనే ఉన్నాడు. కట్టడం అయ్యేసరికి ఒంటిగంట కొట్టింది.

పద్మనాభం గారు గొడుగు తీసుకున్నారు. “ఒంటిగంట నుంచి రెండు దాకా భోజన విరామం. విరామ సమయంలో తప్పించుకున్నచో పరిగణనలోకి రాదు. ఇద్దరూ గమనించగలరు.”

అందువల్ల మేం తప్పించుకోకుండా గంటసేపు జాగ్రత్తగా నిలబడ్డాం. కొండబాబు వెళ్లలేదు. తన క్యారేజీ విప్పి, పెరుగన్నంలో ఆవకాయ నంజి, ఒక ముద్ద నాకూ ఒక ముద్ద ఆయనకూ పెట్టాడు.

“కారం తగిలిందాండి?”

“సరిపోయింది కొండబాబు గారూ.”

“ఆయ్. మా ఆవిడ కలిపిందండి. మీరు కొత్త పెళ్లికూతురని చెప్పేను, ఓ ముక్క ఎక్కువేసింది.”

మేం అన్నం తిన్నాక అతను వాగు దగ్గరికి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. చెట్టు వెనకనుంచి శ్రీవత్స చూపుడువేలు తడుముకుంటూ వచ్చి నా చిటికెనవేలును పట్టుకుంది. తాడు లోపల అంతకంటే చోటు లేదు. వేలు చాలు అనిపించింది.

“వకుళా, ఒకటి చెప్పనా? నాకు భయంగా ఉంది” అన్నాడు మెల్లగా.

“పులి తలదించుకుని వెళ్లిపోయిందిగా.”

“అది కాదు. ఈ వరసన పోతే పదో ఘట్టంలో పెట్టె కూడా నీచేతే తెరిపిస్తారు. వీళ్లందరి ముందు. నేను గీసినదాన్ని నువ్వు ఇంకా చూడనే లేదు, ముగింపు మాత్రం తెలిసిపోతుంది. తెరవనంటే అనుమతి ఇవ్వరు. తాళం అలాగే ఉంటుంది.”

నేను చిటికెనవేలు ఇంకాస్త బిగించాను. రెండు గంటలకు పద్మనాభం గారు వచ్చి, కట్టుబడి ఉన్నందుకు మెచ్చుకుని, ఇక తప్పించుకోవచ్చన్నారు. ఏడు నిమిషాల్లో తప్పించుకున్నాం. కొబ్బరితాడు సాయంత్రానికి తానే ఊడిపోయేలా ఉంది.

ఎనిమిదో ఘట్టంలో దుర్మార్గుడు ‘నిన్ను వదలను చంపకా’ అని అరుస్తూ మూడు వందల అడుగుల లోయలో పడి చనిపోతాడు. కొండబాబు లోయ అంచుదాకా వెళ్లి, తొంగిచూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

“నా కాగితంలో దుర్మార్గుడి విధులు నిర్వర్తించాలని ఉంది గానీ, పడాలని లేదండి” అన్నాడు.

“పతనం ఆ విధుల్లో అంతర్భాగం” అన్నారు పద్మనాభం గారు.

“అంతర్భాగమంటే ఎముకలేనాండి?”

 ఘట్టం చేసి చూపలేకపోతే నవల మొత్తం అసాధ్యమని రాసేయాలి. అప్పుడు నా పదో ఘట్టానికి శాశ్వతంగా తాళం. శ్రీవత్స గడ్డి పీకుతున్నాడు. మంగతాయారు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ పేజీ మూడుసార్లు చదివారు.

“సార్, మూడు వందల అడుగులు పడ్డాడని ఉంది. ఒకేసారి పడ్డాడని ఎక్కడా లేదు.”

అడుగున్నర ఎత్తున్న బండ ఒకటి వెతికారు. అవతల ఎండుటాకులు పోయించారు. ఒక్కో దూకుడికి అడుగున్నర చొప్పున రెండు వందల దూకుళ్లు. పతనం విడతలవారీగా మంజూరైంది. రోజుకు డెబ్బైకి మించకుండా మూడు రోజులు కొండబాబు పడ్డాడు. ప్రతిసారీ ఆ మాట అరిచి పడాలి. మొదటిరోజు కొండలు మారుమోగాయి. రెండోరోజు మధ్యాహ్నానికి, “వదలనండి చంపకగారూ” అని ఊరుకున్నాడు. మూడోరోజు చెయ్యి ఊపి పడ్డాడు. మంగతాయారు గారు ఒక్కో పతనానికి ఒక్కో టిక్కు పెట్టారు.

నివేదిక వచ్చింది: ‘మూడు వందల అడుగుల లోయలో పడిన వ్యక్తికి మోచేతిపై గీత మినహా హాని జరగదని క్షేత్ర పరిశీలనలో తేలినది. కావున దుర్మార్గుడు మరణించినట్లు చూపరాదు.’

కొండబాబు మోచేతికి పసుపు అద్దుకుంటూ, “అయితే నేను బతికే ఉన్నానాండి?” అని అడిగాడు.

“రికార్డు ప్రకారం ఉన్నావు” అన్నారు పద్మనాభం గారు.

“ఆయ్. మా ఆవిడకి చెప్తానండి.”

ఇక పదో ఘట్టం. జలపాతం వెనక చిన్న గుహ. పద్మనాభం గారు తాను తడుస్తూ ఫైలుకు గొడుగు పట్టారు. లోపల లాంతరు వెలుగులో చెక్కపెట్టె కనిపించింది. దాని మీద మండలి ముద్ర.

“పెట్టెలో ఉండవలసినది మూలానుసారం ఉంచాం. నాయిక మూత ఎత్తవచ్చు” అన్నారు పద్మనాభం గారు.

 పదకొండేళ్లుగా ఎదురుచూసింది మూడడుగుల దూరంలో ఉంది. అక్కడ ఇద్దరు అధికారులున్నారు, చావని దుర్మార్గుడున్నాడు, నీళ్ల హోరు ఉంది. మా ఇంట్లో నేను కూర్చునే సోఫా మూల లేదు, ఫోను లేదు, ఆయన ఆరు నెలలు గీసిన బొమ్మ లేదు.

“నేను కళ్లు మూసుకుని ఎత్తొచ్చా అండి?”

మంగతాయారు గారు పేజీ చూశారు. “‘లోపలికి చూసిన చంపక’ అని ఉందమ్మా. చూడాలి.”

నేను శ్రీవత్స వైపు తిరిగాను. ఆయన జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. కొండబాబు చేతిలోని లాంతరు తీసుకుని నా మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు.

“తెరువు. నీ మొహం చూడాలనే కదా అనుకున్నాను. అది ఇక్కడా ఉంది” అన్నాడు.

మూత ఎత్తాను. లోపల మడతపెట్టిన కాగితం ఒకటి. విప్పాను. నీలం గీతలు, బాణాలు, గుండ్రాలు, గుండ్రాల్లో అంకెలు. పైన పెద్ద అక్షరాలతో ‘పద్నాలుగో వార్డు, భూగర్భ మురుగుకాల్వల పటం’ అని ఉంది.

పద్నాలుగో వార్డు మాదే.

చంపక తాతగారు దొంగలకు దొరక్కుండా, పులులు తిరిగే అడవిలో, జలపాతం వెనక దాచింది మా మురుగుకాల్వలని అర్థమయ్యేసరికి నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని పెదవి కొరుక్కున్నాను. ఆగలేదు. పెట్టె మీద వాలిపోయి, కడుపు పట్టుకుని, కళ్లలోంచి నీళ్లొచ్చేదాకా నవ్వాను. నన్ను చూసి కొండబాబు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

మంగతాయారు గారు చదివారు. “‘లోపలికి చూసిన చంపక నవ్వింది. ఎంతసేపటికీ ఆపుకోలేకపోయింది.’ సరిపోయింది సార్.”

“ఇది కాదండి” అన్నాడు శ్రీవత్స. మా ఆయన ఒక అధికారి మాటకు అడ్డుచెప్పడం అదే మొదటిసారి. “నవలలో ఇంకో పటం ఉంటుంది వకుళా. తాతగారు ఇంకో దారి గీసి పెట్టి ఉంచుతారు. అది చూసి చంపక నవ్వుతుంది. ఇద్దరూ ఆ పటం పట్టుకుని మళ్లీ నడక మొదలుపెడతారు. అంతే. అదే చివరి వాక్యం.”

నవ్వు ఆగింది. నగలు కావు. పటం. మళ్లీ నడక. ఆ షాపాయన మీద పదకొండేళ్ల కోపం ఒక్కసారిగా పోయింది, ఆయన చెప్పింది నిజం కానందుకు. ఇంత మంచి ముగింపును ఎవరో చింపుకుపోయారంటే, చింపుకోకుండా ఉండలేకపోయి ఉంటారు.

“‘ఇంకో పటం’ అనే ఉంది. ఏ పటమో మూలంలో వివరణ లేదు. స్టోర్సులో ఉన్నవాటిలోంచి, అర్జీదారులకు సౌకర్యంగా ఉంటుందని వారి వార్డుదే ఎంపిక చేశాం” అన్నారు పద్మనాభం గారు కొంచెం నొచ్చుకుని. “అది అలా ఉంచండి. మళ్లీ నడక మొదలుపెట్టారన్నారు. ఎక్కడిదాకా?”

“నవల అక్కడితో అయిపోయిందండి.”

“నవల అయిపోయి ఉండవచ్చు. నడక అయిపోయినట్టు ఎక్కడా లేదు. పటం చివరిదాకా నడిస్తే గానీ పరిశీలన ముగియదు.”

సోమవారం ఉదయం పది గంటలకు మా ఊళ్లో పద్నాలుగో వార్డు మొదటి మ్యాన్‌హోలు దగ్గర పరిశీలన తిరిగి మొదలైంది. ముందు పటం పట్టుకుని నేను, పక్కన శ్రీవత్స, వెనక పద్మనాభం గారు, ఫైలుతో మంగతాయారు గారు. కొండబాబు డ్యూటీ అయిపోయినా, ఏమవుతుందో చూద్దామని సొంత ఖర్చులతో వచ్చాడు. జనం మమ్మల్ని కాల్వలు బాగుచేసేవాళ్లమనుకున్నారు. ఒక పెద్దావిడ గేటు పట్టుకుని, “ఏం నాయనా, మా గుమ్మం ముందు మూడు నెలల్నించి పొంగి పారుతోంది, ఇప్పటికి తీరిందా మీకు” అని దులిపేసింది.

పద్మనాభం గారు పొంగుతున్న నీళ్లను వంగి చూసి, “రాసుకోండి. తొమ్మిదో మలుపు వద్ద జలపాతం కలదు” అన్నారు.

పన్నెండున్నరకి ఆఖరి గుండ్రం దగ్గరికి చేరాం. అది మా వాటా గేటు ముందే ఉంది. పటం అక్కడితో అయిపోయింది. నేను కాగితం మడిచాను. కాళ్లు లాగుతున్నాయి, ఆకలేస్తోంది. తాళంచెవి తీశాను.

“ఎక్కడికి?” అన్నారు పద్మనాభం గారు.

“ఇంట్లోకండి.”

“అంటే నడక ఆగలేదు.” ఆయన గేటు దగ్గర నిలబడి ఆలోచించారు. “గుమ్మం దాటి లోపలికి వెళ్లాక నూతన దంపతుల మధ్య జరిగేది సాహసం కిందికి వస్తుందా, రాదా? వచ్చే పక్షంలో పరిశీలకులు లోపల కూడా ఉండవలసి వస్తుంది.”

“ఎన్నాళ్లండి?” అన్నాడు శ్రీవత్స.

“మూలంలో గడువు లేదు.”

మాది ఒక గది, ఒక వంటిల్లు. పద్మనాభం గారు కిటికీలోంచి తొంగిచూసి, మంచానికీ సోఫాకీ మధ్య ఉన్న చోటును కళ్లతోనే కొలిచారు. ఆయనకు అక్కడ కుర్చీ వేయడమా, పదో ఘట్టానికి తాళం వేసి ఉంచడమా, రెండిట్లో ఒకటి ఖాయమైపోయింది. శ్రీవత్స నా వైపు చూశాడు. రూలు అయితే కుర్చీ వేస్తాడేమోనని నాకు నిజంగా భయమేసింది.

అప్పుడు మంగతాయారు గారు ఫైలు మూశారు. పరిచయమైన దగ్గర్నుంచి ఆవిడ ఫైలు మూయగా నేను చూడలేదు.

“సార్, నాకు పెళ్లయి ఇరవై ఆరేళ్లు. గుమ్మం లోపలిది సాహసం కిందికే వస్తుంది. అందులో ఏమీ సందేహం లేదు.”

పద్మనాభం గారు పెన్ను మూత తీశారు.

“అయితే ఒక విషయం సార్. మన మండలి పెట్టింది, ఎవరైనా చూసి అలాగే చేయబోతారన్న భయంతో. ఇది చూసి చేస్తే వచ్చేది కాదు. మా పిన్నిగారి కాపురం చూసి నేను మక్కీకి మక్కీ చేయబోయాను. మూడోరోజుకే కుదరలేదు. అనుకరణకు లొంగనిది మన పరిధిలోకి రాదు సార్.”

పద్మనాభం గారు ఎండలో నిలబడి ఎటో చూశారు. ఆయనకూ పెళ్లయిందని నాకు అప్పుడే తెలిసింది.

“నిజమే, లొంగదు” అన్నారు చివరికి. మా గేటు మీదే కాగితం ఆనించి సంతకం చేశారు. గేమ్ చివర మండలి చెప్పిన వాక్యం ఒకటి తప్పనిసరిగా వేయాలని షరతు పెట్టి, జీపెక్కారు. మంగతాయారు గారు వెళ్తూ వెళ్తూ నా చెంప మీద వేలితో తట్టి, “ముందు అన్నం తినండి” అన్నారు.

అన్నం తిన్నాం. శ్రీవత్స గేమ్ చివర మండలి వాక్యం చేర్చి తాళం తీశాడు. అప్పుడు సోఫా మూలలో కూర్చుని ఫోను తీశాను. తాళంకప్ప లేదు. శ్రీవత్స తెరను చూడకుండా నన్నే చూస్తూ కూర్చున్నాడు. నాకు తెలిసిపోయిందిగా, ఇంకేం చూస్తావు అన్నాను. ఎత్తమన్నాడు.

నా వేలితో మూత ఎత్తాను. లోపల పటం. ఈసారి ఆయన గీసింది. ఏటికి ఎగువన ఇంకో ఏడు మలుపులు, ఒక్కో మలుపు దగ్గర ఒక్కో చిన్న బొమ్మ. పడవ ఒకటి, తేనెపట్టు ఒకటి, కుంటి నెమలి ఒకటి. ఏడో మలుపు దగ్గర మాత్రం ఖాళీగా ఉంది.

“ఇక్కడేముంది?”

“ఏమో. మనం ఇంకా వెళ్లలేదుగా.”

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన మాత్రం ఆరు నెలల పని దక్కినవాడిలా వెనక్కి వాలాడు.

తెర చీకటైంది. మండలి వాక్యం వచ్చింది: ‘ఇందలి సాహసములన్నియు అధికారుల సమక్షమున చేసి చూడబడినవి. గుమ్మము లోపలివి మండలి పరిధిలోనికి రావు. వాటిని దంపతులే స్వయముగా పరిశీలించుకొనవలెను.’

మా ఆయన దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివి, లేచి వెళ్లి, తలుపు గడియ పెట్టి వచ్చాడు.